చెట్టు లేని చోట

కర్ణాకర్ తాటిచెట్టు మీద నుంచి పడ్డది వానాకాలం మొదట్లో. మాను తడిసి ఉంది, కాలు జారింది. అప్పటికే సగం దిగి ఉన్నాడు కాబట్టి బతికిపోయాడని అందరూ అన్నారు. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. సిద్దిపేటలో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. మూడు నెలలు మంచం దిగలేదు.

నంగునూరు దగ్గరి వాళ్ల ఊళ్లో కల్లు గీసేవాళ్లు జీవితంలో ఒక్కసారైనా పడకుండా ఉండడం అరుదు. కొందరు మళ్లీ లేవరు. కొందరు కుంటుకుంటూ ఇంకో పని వెతుక్కుంటారు. కొందరు కాలు అతుక్కోగానే మోకు భుజాన వేసుకుని చెట్ల దిక్కు నడుస్తారు. మోకు అంటే మానుకూ నడుముకూ చుట్టి కట్టుకునే తాడు. పైకెక్కిన మనిషి దాని మీదే వెనక్కి ఆనుకుని రెండు చేతులతో పని చేస్తాడు. కర్ణాకర్‌కి నలభై రెండేళ్లు. తండ్రి గీసిన చెట్లను అన్న సిద్ధయ్య, తాను పంచుకుని గీస్తున్నారు. ఆ పని కాక వేరే పని చేతకాదు, చేయాలనీ లేదు. చలికాలం రాగానే మళ్లీ మోకు తీసుకున్నాడు.

మొదటిరోజే తేడా తెలిసింది. రెండో చెట్టు సగం ఎక్కేసరికి ఆగిపోవాల్సి వచ్చింది. గాలి పీలుస్తున్నాడు, గాలి లోపలికి పోతోంది, కానీ చాలడం లేదు. గుండె గొంతులో కొట్టుకుంటున్నట్టుంది. మోకు మీద ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి తగ్గింది. మూడు నెలలు పడుకున్న ఒంట్లో సత్తువ పోయిందని, నెల తిరిగేసరికి సర్దుకుంటుందని అనుకున్నాడు.

సర్దుకోలేదు. ఎండాకాలానికి రోజుకు పది చెట్లు ఎక్కేవాడు నాలుగుకు వచ్చాడు. ఆ నాలుగింటికీ సగంలో ఒకసారి, పైకి పోయాక ఒకసారి ఆగాలి. కింద నిలబడి చూసేవాళ్లకు కనిపించేది ఏమిటి? పోయినేడు పడ్డ మనిషి, చెట్టు మధ్యలో మాను కరుచుకుని, కాళ్లు వణుకుతూ, పైకి పోలేక కిందికి రాలేక నిలబడ్డాడు. చూసినవాళ్లు ఒకే మాట అనుకున్నారు. ఆ మాట మొదట మెల్లగా అన్నారు, తర్వాత మామూలుగానే అన్నారు.

భార్య యాదలక్ష్మి అతన్ని ఊళ్లో సూదులు వేసే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన గ్యాస్ అన్నాడు, తర్వాత ఆయాసం అని పీల్చే మందు ఇచ్చాడు. పీల్చినా ఒకటే, పీల్చకపోయినా ఒకటే. తర్వాత సిద్దిపేటలో ఒక ప్రైవేటు దవాఖానకు పోయారు. అక్కడ బీపీ చూశారు. నూట పది, డెబ్బై. షుగర్ లేదు. ఎక్స్‌రే తీశారు, ఈసీజీ తీశారు. డాక్టర్ కాగితం అటూ ఇటూ తిప్పి, చెట్టు మీద నుంచి పడ్డ సంగతి విని, ఆ దెబ్బ మనసులో ఉండిపోయిందని, టెన్షన్ తగ్గాలని నిద్రమాత్రలు రాశాడు. ఇంటికొచ్చాక యాదలక్ష్మి ఎవరడిగినా బీపీ మంచిగనే ఉందట అని చెప్పేది. మొదట్లో ఆ మాట ఊరటగా చెప్పింది. పోనుపోను ఫిర్యాదులా చెప్పింది.

కర్ణాకర్‌కు కూడా అనుమానం పట్టుకుంది. ఇది నిజంగా భయమేనా? గుండె దడదడలాడడం, చేతులు వణకడం, నోరు ఎండిపోవడం. భయపడ్డ మనిషికీ అవే కదా. తన మనసు తనకు తెలియకుండా భయపడుతోందేమో. రాత్రిపూట మంచంలో ఆ పడ్డ రోజును కావాలని గుర్తు తెచ్చుకుని చూసుకునేవాడు. ఏమీ అనిపించేది కాదు. కాలు జారింది, పడ్డాడు, అంతే. అయినా పొద్దున చెట్టు దగ్గరికి పోతే అదే వరస.

మరుసటి చలికాలం వచ్చింది. అతని వాటా చెట్లలో ఆరు గీతకు నోచుకోకుండా నిలబడ్డాయి. ఒకరోజు కల్లు అమ్మే మండువ దగ్గర గీత కార్మికుల సంఘం వాళ్లు కూర్చున్నప్పుడు ఆ మాట వచ్చింది. పది పన్నెండు మంది ఉన్నారు. యాదలక్ష్మి అక్కడే కల్లు కుండలు కడుగుతోంది. సిద్ధయ్య తమ్ముణ్ణి పక్కకు పిలవకుండా అందరి ముందే అడిగాడు, ఈ ఏడన్నా గీస్తావా, లేక ఎవరికన్నా ఇయ్యమంటావా అని. కర్ణాకర్ తల వంచుకుని, ఒంట్లో బాగుండట్లేదని, ఇంకో నెల చూస్తానని అన్నాడు. ఎవరో నవ్వారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బీడీలు చుట్టి, మధ్యలో కూలికి పోయి, ఇక్కడికొచ్చి కుండలు కడుగుతున్న యాదలక్ష్మికి ఆ నవ్వు మొహం మీద కొట్టినట్టయింది.

"ఏ రోగం లేదని డాక్టర్లే అన్నరు గద," అంది. "చెట్టంటే భయమైతుందని చెప్పరాదు? నోరు తెర్సి గా ఒక్క మాట చెప్తే అయిపాయె. అందరం బతుకుదెరువు జూసుకుంటం."

కర్ణాకర్ ఆమె వైపు చూశాడు. లేచి ఇంటికి పోయాడు.

తెల్లారి అందరికంటే ముందు చెట్ల దగ్గరికి పోయాడు. ఉన్నవాటిలో అన్నిటికంటే ఎత్తయిన చెట్టు ఎక్కాడు. సగంలో ఆగలేదు. ఆగాలని ఒళ్లు చెబుతున్నా ఆగలేదు. పైకి చేరాడు, మట్టల మధ్యకు చెయ్యి పెట్టాడు, కల్లు పట్టే లొట్టి అంచు వేళ్లకు తగిలింది. ఆ తర్వాత ఏమీ గుర్తులేదు.

కళ్లు తెరిచేసరికి మోకు మీద వెనక్కి వాలిపోయి ఉన్నాడు. తల వేలాడుతోంది. ఆకాశం కనిపిస్తోంది. నడుముకు తాడు కోసుకుపోతోంది. ఎంతసేపు అలా ఉన్నాడో తెలియదు. కింద లొట్టి పగిలి పెంకులై పడి ఉంది. మానును రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి నిలబడేదాకా ఆగి, జానెడు జానెడు దిగాడు. ఇంటికొచ్చి లొట్టి చెయ్యి జారిందని భార్యకు చెప్పాడు. ఆ తర్వాత మళ్లీ మోకు ముట్టలేదు.

ఎందుకు పోవట్లేదో ఎవరికీ చెప్పలేదు. స్పృహ తప్పిందంటే సంఘం వాళ్లు ఇక ఎప్పటికీ చెట్టెక్కనివ్వరు. భయంతో మనిషికి స్పృహ కూడా తప్పుతుందేమో అన్న అనుమానం ఇంకోటి. అదే నిజమైతే ఆ మాట తన నోటితో తను చెప్పుకున్నట్టే అవుతుంది. ఊళ్లో వాళ్లకు మాత్రం ఇంక సందేహం లేకుండా పోయింది. కర్ణాకర్ చెట్టుకు భయపడ్డాడు, అంతే. ఎదురుపడితే ఆ మాట ఎవరూ అనేవాళ్లు కాదు. ఎదురుపడ్డప్పుడు వేరే సంగతి మాట్లాడేవాళ్లు, అదే అతనికి ఎక్కువ కష్టంగా ఉండేది.

మాఘమాసంలో ఒక ఆదివారం భార్యాభర్తలు సిద్దిపేట పోయారు. కూతురు సౌమ్య అక్కడ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఆమెకు సకినాలు, పచ్చడి సంచిలో పెట్టుకుని బస్టాండులో దిగి నడుస్తున్నారు. రోడ్డు కొంచెం ఎగువగా ఉంది, అంతే. యాదలక్ష్మి ముందు నడుస్తోంది. వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది. ఆలస్యమవుతుందన్న విసుగుతో తిరిగి చూసింది.

కర్ణాకర్ ఒక మూసి ఉన్న దుకాణం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి, మెడ ముందుకు చాచి, ఊపిరి తీసుకుంటున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. మెడ పక్కన నరం ఉబ్బి కొట్టుకుంటోంది. ఆమె దగ్గరికి వచ్చింది. సంచి కింద పెట్టింది. చుట్టూ చూసింది. సెల్‌ఫోన్ల దుకాణం, ఇరానీ చాయ్ హోటల్, ఆటోలు. ఇక్కడ చెట్టు లేదు. ఏడాదిగా తను ఏ మాట నమ్ముతూ వచ్చిందో, ఏ మాట అందరి ముందు అందో, ఆ మాటకు ఇక్కడ చోటు లేదని ఆమెకు ఆ క్షణాన అర్థమైంది. ఆ మెట్టు మీదే అతని పక్కన కూర్చుంది.

చాయ్ హోటల్ అతను నీళ్లు తెచ్చిచ్చి, చూసి, ఎక్కడికి పోతున్నారో అడిగి, హాస్టల్ సంగతి తర్వాత, ముందు పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. ఆటో కూడా అతనే ఆపాడు.

ఆ రోజు ఆక్సిజన్ పెట్టి వార్డులో ఉంచుకున్నారు. తెల్లారి ఛాతీ రోగాల విభాగంలో డాక్టర్ ఉషా చూసింది. ఆమెది జగదేవ్‌పూర్ వైపు. నలభై ఏళ్లుంటాయి. తొందర లేకుండా మాట్లాడుతుంది, అడిగిన మాటకు జవాబు వచ్చేదాకా ఆగుతుంది. నర్సు బీపీ చూసి నూట పది, డెబ్బై అని చెప్పింది. యాదలక్ష్మి, ఇంతకుముందు చూసిన డాక్టర్లు కూడా అదే అన్నారని, బీపీలో తేడా లేదని చెప్పింది. ఉషా తలూపింది కానీ అక్కడితో వదల్లేదు. మెడ నరాలు చూసింది. పాదాల మీద వేలితో నొక్కి, పడ్డ గుంట పూడేదాకా చూసింది. ఎదురొమ్ము ఎముకకు ఎడమపక్క స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. పాత ఈసీజీ కాగితం అడిగి తీసుకుని వెలుతురులో చూసింది.

తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎప్పుడన్నా స్పృహ తప్పిందా అని అడిగింది.

కర్ణాకర్ లేదన్నాడు.

"పడుకున్నప్పుడు గాదు," అంది ఉషా. "కష్టం చేసేటప్పుడు. ఎక్కేటప్పుడో, బరువు మోసేటప్పుడో. కండ్లు చీకట్లయి, మళ్ల తెలివికొచ్చినట్టు ఎప్పుడన్న అయిందా?"

అతను భార్య వైపు చూశాడు. ఆ చూపు చూసి డాక్టర్ కూడా ఆమె వైపు చూసింది.

"అయింది మేడం," అన్నాడు కర్ణాకర్. "చెట్టు మీద. పైకి పోయినంక. తెలివికొచ్చి చూస్తే మోకు మీద ఏలాడుతున్న."

యాదలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎప్పుడు అని ఆమె అడగలేదు. పగిలిన లొట్టి ఆమెకు గుర్తుంది. అది ఏ రోజో, దానికి ముందురోజు సాయంత్రం మండువ దగ్గర ఏమైందో కూడా గుర్తుంది.

ఉషా రాసుకుంది. తర్వాత కాలు విరిగి మంచంలో ఉన్న మూడు నెలల గురించి అడిగింది. కర్ణాకర్‌కు చెప్పడానికేమీ లేదు. ఈసారి యాదలక్ష్మి మెల్లగా నోరు విప్పింది. రెండో నెలలో ఒకరోజు పొద్దున ఉన్నట్టుండి ఛాతీ పక్కన పొడిచినట్టు నొప్పి వచ్చిందని, ఊపిరి ఆడలేదని, దగ్గితే కళ్లెలో నెత్తురు చార కనపడిందని చెప్పింది. అంతకు ముందు వారం పిక్క బాగా వాచింది. విరిగిన కాలు కదా, వాస్తుందనుకున్నారు. ఊరి డాక్టర్ సూది వేశాడు. రెండు రోజుల్లో తగ్గిపోయింది. తర్వాత ఆ సంగతే మరిచిపోయారు. ఇప్పటిదాకా ఏ డాక్టరూ అడగలేదు, తమకూ చెప్పాలని తోచలేదు.

ఉషా పెన్ను పక్కన పెట్టింది. ఆ నెత్తురు సంగతి ఇంకోసారి చెప్పించుకుంది.

ఆ తర్వాత అతని వేలికి ఒక క్లిప్పు తగిలించి వరండాలో నడిపించారు. ఆరు నిమిషాలు నడవాలి, ఎంత దూరం పోతే అంత. నర్సు పక్కనే నడుస్తూ చేతిలోని చిన్న మిషన్ చూస్తోంది. మొదలుపెట్టినప్పుడు తొంభై అయిదు. మూడో నిమిషానికి ఎనభై నాలుగు. నాలుగో నిమిషంలో నర్సే ఆపి కుర్చీ వేసింది. మధ్యాహ్నం గుండెకు ఎకో తీశారు. ఉషా కూడా ఆ గదిలోకి వచ్చి తెర ముందు నిలబడి చూసింది. సాయంత్రం ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"గుండెకు రెండు దిక్కులుంటయి. ఎడమ దిక్కు ఒళ్లంతటికి రక్తం పంపుతది. చేతికి పట్టీ కట్టి చూసేది ఆ బీపీ. మీకది మంచిగనే ఉన్నది. కుడి దిక్కు ఊపిరితిత్తులకు మాత్రమే పంపుతది. దాని బీపీ వేరే. అది చేతి పట్టీకి అందదు. మీకు పెరిగింది అది. ఆ ఒత్తిడికి ఎదురు కొట్టి కొట్టి గుండె కుడి దిక్కు ఉబ్బిపోయింది."

యాదలక్ష్మి చాలాసేపటి నుంచి అడగాలనుకుంటున్నది అప్పుడు అడిగింది.

"భయంతోటి గిట్లయితదా మేడం?"

"భయంతోటి గుండె దడదడ కొట్టుకుంటది," అంది ఉషా. "ఉబ్బదు. ఇది ఒక్కరోజుల వచ్చింది గాదు. ఏడాది పైనయి ఉంటది."

కర్ణాకర్ కళ్లు దించుకున్నాడు. ఉషా మిగతాదంతా నిదానంగా వివరించింది. ఎకోలో కనిపించేది అంచనా మాత్రమే, ఇంతని ఖాయంగా చెప్పాలంటే నరం గుండా సన్నటి గొట్టం గుండెలోకి పంపి నేరుగా కొలవాలి. అంతకంటే ముందు ఎందుకు పెరిగిందో వెతకాలి. ఊపిరితిత్తుల జబ్బుతో రావచ్చు, గుండె ఎడమ దిక్కు జబ్బుతో రావచ్చు, కీళ్లవాతం లాంటి వాటితో రావచ్చు, ఒక్కోసారి కారణమే తెలియకుండా కూడా రావచ్చు. ఆమె అనుమానం మాత్రం వేరే. మంచంలో కదలకుండా ఉన్నప్పుడు కాలి నరంలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయి, కరగకుండా అక్కడే ఉండిపోయి ఉంటుందని. అదే అయితే దారి ఉందని, హైదరాబాద్ పోక తప్పదని చెప్పి, రక్తం పల్చబడే మందు మొదలుపెట్టి ఉత్తరం రాసిచ్చింది.

రెండు రోజుల తర్వాత ఊరికి పోయే బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

"ఎందుకు చెప్పలే నాకు?" అంది యాదలక్ష్మి, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"చెప్తే ఏమందువు?" అన్నాడు కర్ణాకర్.

అతను కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. ఏమనేదో ఆమెకు తెలుసు. అతని చేతి మీద చెయ్యి వేసింది. అతను తీసేయలేదు, తిరిగి పట్టుకోనూ లేదు. బస్సు వాళ్ల ఊరి స్టేజీలో ఆగేదాకా అలాగే ఉన్నారు.

హైదరాబాద్ దవాఖానలో ఆరు రోజులు ఉన్నారు. రోజుకో పరీక్ష. ఒక పెద్ద గొట్టంలోకి ఊదించారు, ఊపిరితిత్తుల బలం మామూలుగానే ఉంది. కీళ్లవాతానికీ, థైరాయిడ్‌కూ, కాలేయానికీ రక్తం తీశారు, వాటిలో ఏదీ లేదు. ఒక్కో కాగితం రాగానే డాక్టర్ ఒక్కో కారణం కొట్టేస్తూ పోయాడు. నాలుగో రోజు ఊపిరితిత్తులకు రెండు రకాల బొమ్మలు తీశారు. ఒకటి గాలి ఎక్కడెక్కడ చేరుతోందో చూపేది, ఇంకోటి రక్తం ఎక్కడెక్కడ చేరుతోందో చూపేది. డాక్టర్ ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు. గాలి బొమ్మ నిండుగా ఉంది. రక్తం బొమ్మలో ముక్కలు ముక్కలుగా చీకటి. కొరికినట్టు అక్కడక్కడా ఖాళీలు.

కర్ణాకర్ ఆ బొమ్మలను చాలాసేపు చూశాడు. గాలి లోపలికి పోతోంది, చాలడం లేదు. తను ఏడాదిగా ఎవరికీ చెప్పలేకపోయింది అదే. ఎలా చెప్పాలో తెలియక, చెప్పినా నమ్మరని, చివరికి తనే నమ్మడం మానేశాడు. ఇక్కడ అది అచ్చు వేసి ఉంది. అతనికి ఏడుపొచ్చింది. అతను రోగానికి భయపడుతున్నాడనుకుని డాక్టర్ ధైర్యం చెప్పాడు.

అయిదో రోజు గొట్టం వేసి కొలిచారు. మెడ పక్కన తిమ్మిరి సూది ఇచ్చి, నరంలోకి సన్నటి తీగలాంటి గొట్టం దించారు. మత్తు ఇవ్వలేదు. మెలకువగా, కదలకుండా పడుకోవాలి. గది చల్లగా ఉంది. ముఖం మీద పచ్చటి గుడ్డ. గొట్టం గుండెలోకి పోతున్నప్పుడు ఛాతీలో ఏదో తడబడినట్టయింది. రెండు మూడు దెబ్బలు వరస తప్పాయి. ఏమీ కాదు, గుండెకు గొట్టం తగిలితే అలాగే ఉంటుంది అని ఎవరో అన్నారు.

అప్పుడు భయమేసింది. నిజంగా భయం. కడుపులోంచి చల్లగా లేచి చేతుల్లోకి పాకింది. లేచి పారిపోవాలనిపించింది. సౌమ్య మొహం కళ్లముందుకు వచ్చింది. ఇక్కడే, ఈ బల్ల మీదే ప్రాణం పోతే అన్న ఆలోచన వచ్చింది, ఎంతకీ పోలేదు. ఆ భయం మధ్యలోనే అతనికి ఒక సంగతి తెలిసొచ్చింది. చెట్టు మీద తనకు ఒక్కనాడూ ఇలా అనిపించలేదు. అక్కడ పారిపోవాలనిపించలేదు. పైకి పోవాలనే అనిపించింది, ఒళ్లే సహకరించలేదు. ఈ రెండూ ఒకటి కావు. అన్న చెప్పినా, భార్య చెప్పినా, మాత్రలు రాసిన డాక్టర్ చెప్పినా ఒకటి కావు.

డాక్టర్ అంకెలు పైకి చదువుతుంటే పక్కన ఒకామె రాసుకుంటోంది. అయిపోయాక గుడ్డ తీసి, డాక్టర్ ముందుకు వంగి చెప్పాడు. ఊపిరితిత్తుల నరంలో ఒత్తిడి సగటున నలభై ఏడు ఉందని, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇరవై లోపే ఉంటుందని, ఎడమ దిక్కు ఒత్తిడి మామూలుగానే ఉంది కాబట్టి తేడా అంతా ఊపిరితిత్తుల నరాల్లోనేనని. ఇక అనుమానం లేదన్నాడు.

ఆ సాయంత్రం సిద్ధయ్య ఊరి నుంచి వచ్చాడు. డాక్టర్ ముగ్గురికీ కలిపి చెప్పాడు. గడ్డలు పాతబడి నరాల గోడలకు అంటుకుపోయాయి, మందులకు కరగవు. ఆపరేషన్ చేసి గీకి తీయాలి. శరీరాన్ని చల్లబరిచి, మధ్యమధ్య కాసేపు రక్తం పారకుండా ఆపి చేసే పెద్ద ఆపరేషన్. నూటికి ముగ్గురో నలుగురో బతకరు. చేయించుకోకపోతే ఈ గుండె ఎక్కువ కాలం తట్టుకోదు. సిద్ధయ్య అన్నీ విని ఒకటే అడిగాడు, ఆపరేషన్ అయ్యాక తమ్ముడు చెట్టెక్కుతాడా అని. ఎక్కకూడదన్నాడు డాక్టర్. బతికున్నన్ని రోజులు రక్తం పల్చబడే మందు వాడాలి. పడితే లోపల కారే నెత్తురు ఆగదు.

సిద్ధయ్య తమ్ముడి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. వయసు యాభై ఏడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి గొంతు తగ్గించాడు.

"నేను మండువల అట్ల అడగకపోవాల్సింది," అన్నాడు.

కర్ణాకర్ పోనీ అన్నట్టు చెయ్యి ఊపాడు. యాదలక్ష్మి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆ మాట తను ఇంకా అనలేదు. బస్సులో అనబోయింది, ఈ అయిదు రోజులూ అనబోయింది. బావ అంత తేలిగ్గా అనేసరికి ఆమెకు కోపం వచ్చింది, తర్వాత తన మీద తనకే సిగ్గేసింది. సిద్ధయ్య చాయ్ తాగడానికి కిందికి పోయాక మంచం దగ్గరికి వచ్చింది.

"గా తెల్లారి నువ్వు చెట్టెక్కింది నా మాటకే గద," అంది.

కర్ణాకర్ అబద్ధం చెప్పలేదు. "అవు," అన్నాడు. కాసేపాగి, "నాక్కూడ భయమేననిపించింది, లచ్చిమీ. నిన్నేమందును," అన్నాడు.

ఆమె మంచం అంచున కూర్చుని ఏడ్చింది. ఈసారి అతనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

వైశాఖంలో ఆపరేషన్ అయింది. పొద్దున లోపలికి తీసుకుపోతే చీకటి పడ్డాక డాక్టర్ బయటికి వచ్చాడు. ఫోనులో ఫొటో చూపించాడు. పచ్చని గుడ్డ మీద పరిచిన తెల్లటి, పసుప్పచ్చటి ముక్కలు, కొమ్మలు కొమ్మలుగా చీలి ఉన్నాయి. ఇవి ఆయన ఛాతీలో ఉన్నాయా అని యాదలక్ష్మి రెండుసార్లు అడిగింది. నాలుగు రోజులు గొట్టంతో ఊపిరి ఇచ్చారు. అయిదో రోజు తీశారు. ఆ నాలుగు రోజులు ఆమె ఏం తిన్నదో, ఎక్కడ పడుకున్నదో ఆమెకే గుర్తులేదు.

అయినా మొత్తం పోలేదు. సన్నటి నరాల్లోకి పాకిన గడ్డలు కత్తికి అందలేదు. ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిస్తే ఇరవై ఎనిమిది వచ్చింది. నలభై ఏడుతో పోలిస్తే చాలా తక్కువ, మామూలుతో పోలిస్తే ఎక్కువ. ఉషా ఆ కాగితం చదివి, ఇంకో మాత్ర రాసి, నెలనెలా రక్తపరీక్షకు రమ్మంది. మొత్తంగా నయమవుతుందని మాట ఇవ్వలేనని, ఈ అంకె మళ్లీ పెరగకుండా కాచుకోవడమే పని అని చెప్పింది. కర్ణాకర్ ఇప్పుడు బస్టాండు నుంచి హాస్టల్ దాకా ఆగకుండా నడుస్తాడు. మెట్లెక్కితే మాత్రం ఆయాసం వస్తుంది. పల్చబడే మందు వల్ల గడ్డం గీసుకుంటూ తెగితే చాలాసేపు నెత్తురు కారుతుంది. సంఘం వాళ్లు మండువ దగ్గర కల్లు అమ్మే పని అతనికి అప్పజెప్పారు. జనం మళ్లీ మామూలుగా మాట్లాడుతున్నారు. కొందరు మరీ ఎక్కువగా మాట్లాడుతున్నారు. అతనికి అదీ ఇబ్బందిగానే ఉంది.

కార్తీకం పోయాక అతని చెట్లను పంచారు. నాలుగు ఇతరులకు పోయాయి, ఆరు సిద్ధయ్య తీసుకున్నాడు. ఒక పొద్దున అన్నదమ్ములిద్దరూ ఆ చెట్ల మధ్య తిరిగారు. వెనక యాదలక్ష్మి ఖాళీ లొట్లు పట్టుకుని వచ్చింది. ఏ చెట్టు ఎప్పుడు ఎక్కువ పారుతుందో, దేనికి గెల లేతగా ఉన్నప్పుడే కోత పెట్టాలో, ఏ మాను మీద ఏ ఎత్తులో పట్టు దొరకదో కర్ణాకర్ ఒక్కొక్కటే చెప్పాడు. సిద్ధయ్య మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. తర్వాత ఆ ఆరింటిలో పొడుగైన చెట్టుకు మోకు వేసి ఎక్కడం మొదలుపెట్టాడు.

కర్ణాకర్ జీవితంలో ఎప్పుడూ ఇంకొకరు ఎక్కుతుంటే కింద ఊరికే నిలబడి చూసినవాడు కాదు. తనూ పక్క చెట్టు మీద ఉండేవాడు. ఇప్పుడు తల పైకెత్తి చూస్తున్నాడు. అన్న సగం దాటాడు. పాదాలు మాను మీద చిన్నగా కనిపిస్తున్నాయి. ఒకచోట సిద్ధయ్య ఆగాడు, మోకు సర్దుకున్నాడో, ఊపిరి తీసుకున్నాడో. కర్ణాకర్ చేతులు చల్లబడ్డాయి. పక్కకు తిరిగి చూస్తే యాదలక్ష్మి లొట్లు కింద పెట్టి, నేల వైపు చూస్తూ నిలబడి ఉంది. ఆమె పైకి చూడడం లేదు. ఇరవై ఏళ్లుగా తను ఎక్కేటప్పుడు ఆమె ఎటు చూసేదో అతను ఎప్పుడూ గమనించలేదు.

అతను రెండడుగులు ముందుకు వేసి, ఛాతీలో ఉన్న గాలంతా పెట్టి జాగ్రత్త చెబుతూ పైకి కేకేశాడు.

"పైలం అన్నా."

మోకు జానెడు పైకి జరిపి సిద్ధయ్య మళ్లీ కదిలాడు.